ఇష్ స్మిత్ 13 టీములు: లెక్క ఎలా వేస్తారు, ఇన్నిసార్లు ఎందుకు మారాడు?

కొత్తజెర్సీ:
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అందరికన్నా ఎక్కువ టీములకు ఆడినవాడు ఇష్ స్మిత్ అని, మొత్తం 13 టీములని ఎక్కడ చూసినా ఉంది. కెరీర్ పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే నా లెక్క కుదరడం లేదు. ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, షార్లెట్ రెండేసిసార్లు కనిపిస్తున్నాయి. 2015 ఫిబ్రవరిలో న్యూ ఓర్లీన్స్‌కి ట్రేడ్ (టీముల మధ్య మార్పిడి) అయ్యాడని ఒకచోట ఉంటే, అదే నెలలో ఫిలడెల్ఫియాకి ఆడినట్టు ఇంకోచోట ఉంది. అదే ఏడు వేసవిలో వాషింగ్టన్‌తో సంతకం చేశాడు, కానీ ఆ సీజన్ గణాంకాల్లో వాషింగ్టన్ పేరే లేదు.

ఇవి కాక అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. ఆట బాగోక వదిలించుకున్నారు అనుకుంటే 14 సీజన్లు ఎవరు తీసుకున్నారు? బాగా ఆడేవాడు అనుకుంటే ఒక్కరూ ఎందుకు అట్టే పెట్టుకోలేదు? ట్రేడ్ అయినప్పుడు, వేవ్ చేసినప్పుడు (టీము మధ్యలో వదిలేసినప్పుడు) జీతం సంగతి ఏమవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బాక్స్‌స్కోరు:
ముందు లెక్క తేల్చేద్దాం. రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌లోనైనా కోర్టులోకి దిగితేనే ఆ టీము లెక్కలోకి వస్తుంది. సంతకం పెట్టడం, ట్రేడ్ కాగితాల్లో పేరు ఉండడం, ప్రీసీజన్ ఆడడం, ఇవేవీ చాలవు. ఒకే టీముకు రెండోసారి వెళ్లినా ఒకటే.

ఆ ప్రకారం వరస ఇది: హ్యూస్టన్, మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహోమా సిటీ, ఫిలడెల్ఫియా, న్యూ ఓర్లీన్స్, డెట్రాయిట్, వాషింగ్టన్, షార్లెట్, డెన్వర్. 2022 అక్టోబరులో డెన్వర్ తరఫున దిగడంతో 13 పూర్తయ్యాయి. అప్పటిదాకా 12 టీములతో చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్‌లతో సమానంగా ఉన్నాడు. తర్వాత గారెట్ టెంపుల్ కూడా టొరాంటోతో 12 దగ్గరికి చేరాడు.

మీకు తేడా వచ్చిన చోట్లు చూద్దాం. 2015 ఫిబ్రవరిలో ఓక్లహోమా అతణ్ని న్యూ ఓర్లీన్స్‌కి పంపింది, వాళ్లు వెంటనే వేవ్ చేశారు, ఫిలడెల్ఫియా క్లెయిమ్ చేసుకుంది, అంటే అదే కాంట్రాక్టుతో తీసుకుంది. న్యూ ఓర్లీన్స్‌కి అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆడలేదు. వాషింగ్టన్ ఆ వేసవిలో తీసుకుని, సీజన్ మొదలయ్యే ముందు అక్టోబరులో వదిలేసింది. అదీ లెక్కలోకి రాదు. వదిలేసిన వెంటనే క్లెయిమ్ చేసుకున్నది మళ్లీ న్యూ ఓర్లీన్సే, ఈసారి నిజంగానే ఆడించారు. అంటే న్యూ ఓర్లీన్స్ అతని పట్టికలోకి వచ్చింది 2015 ఫిబ్రవరిలో కాదు, అక్టోబరులో. వాషింగ్టన్ 2019లో కానీ రాలేదు.

ఇలా కాగితం మీద మాత్రమే మారినవాళ్లు చాలామంది ఉన్నారు. రెజీ జాక్సన్ షార్లెట్‌కి 2023లో ఒకసారి, 2024లో మరోసారి ట్రేడ్ అయ్యాడు, రెండుసార్లూ జెర్సీ వేసుకోకుండానే బయటికొచ్చాడు. డెన్నిస్ ష్రోడర్ 2025 ఫిబ్రవరిలో గోల్డెన్ స్టేట్ నుంచి యుటా మీదుగా డెట్రాయిట్ చేరాడు, యుటాకి ఆడింది లేదు. అందుకే ట్రేడ్ వార్తలు చూసి లెక్కిస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. మ్యాచ్‌ల కాలమ్ చూసి లెక్కించండి.

శాలరీక్యాప్:
రెండో ప్రశ్నకు నేను చెప్తాను. ఎందుకు మారాడో తెలియాలంటే ఆటకన్నా ముందు కాంట్రాక్టులు చూడాలి.

స్మిత్ 2010లో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు. డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోలేదు. ఆరడుగుల పాయింట్ గార్డు, దూరం నుంచి షాటు నమ్మకం లేదు. డ్రాఫ్ట్‌లో మొదటి రౌండులో వచ్చినవాడికి మొదటి రెండేళ్ల జీతం గ్యారంటీ. డ్రాఫ్ట్ కానివాడికి అలాంటిదేమీ లేదు, కనీస జీతం మీద వస్తాడు, అందులోనూ గ్యారంటీ భాగం తక్కువ. టీముకు ఒక ఖాళీ కావాలంటే ముందు కళ్లు పడేది ఆ కాంట్రాక్టు మీదే.

ఇక అతని ట్రేడ్‌లు చూడండి. 2011 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నుంచి మెంఫిస్‌కి వెళ్లాడు. ఆ ట్రేడ్ షేన్ బాటియే కోసం జరిగింది; హషీమ్ థబీట్, డిమార్ కారోల్, ఒక మొదటి రౌండు పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) హ్యూస్టన్‌కి వచ్చాయి. 2013 ఫిబ్రవరిలో ఓర్లాండో నుంచి మిల్వాకీకి. అది జేజే రెడిక్, టోబయస్ హారిస్‌ల ట్రేడ్. 2013 ఆగస్టులో ఫీనిక్స్‌కి, అటు వెళ్లింది కారన్ బట్లర్. 2022 ఫిబ్రవరిలో షార్లెట్ నుంచి వాషింగ్టన్‌కి, మాంట్రెజ్ హారెల్ కోసం. అదే వేసవిలో కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్‌తో కలిసి డెన్వర్‌కి, బదులుగా మాంటే మోరిస్, విల్ బార్టన్. మొత్తం ఏడుసార్లు ట్రేడ్ అయితే, అతని ఆట కోసమే జరిగిన ట్రేడ్ నా దృష్టిలో ఒక్కటే: 2015 డిసెంబరు 24న ఫిలడెల్ఫియా చేసినది. దాని గురించి కింద ఎవరైనా రాస్తారనుకుంటా.

మిగతా వాటిలో అతని జీతానికి పని ఉంది. క్యాప్ (టీము మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) దాటిన టీము ఎంత జీతం బయటికి పంపితే దానికి దగ్గర్లోనే లోపలికి తీసుకోవాలి. డెన్వర్ ట్రేడ్ నాటికి, లగ్జరీ టాక్స్ (జీతాలు మరీ ఎక్కువైతే లీగ్‌కి కట్టేది) కట్టే టీము అయితే పంపినదానికి 125 శాతం, పైన లక్ష డాలర్లు దాకా తీసుకోవచ్చు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023 ఒప్పందం వచ్చాక మొదటి ఏప్రన్ (టాక్స్ గీతకు పైన ఇంకో గీత) దాటిన టీము పంపినదానికన్నా ఎక్కువ తీసుకోవడానికే లేదు. ఇద్దరు పెద్దవాళ్ల జీతాల మధ్య తేడా మిగిలితే దాన్ని పూడ్చడానికి మధ్యస్థాయి జీతం ఉన్న, గొడవ చేయని, ఎక్కడికి పంపినా ఆడగలిగే బెంచ్ ఆటగాడు కావాలి. స్మిత్ సరిగ్గా ఆ కొలతకు సరిపోయేవాడు. త్రాసులో పడికట్టు రాయి అనుకోండి.

ట్రేడ్ అయితే జీతం ఏమీ మారదు. కాంట్రాక్టు యథాతథంగా కొత్త టీముకు వెళ్తుంది. సీజన్ మధ్యలో అయితే కబురు అందిన 48 గంటల్లో, వేసవిలో అయితే వారంలోగా కొత్త టీము దగ్గర హాజరవ్వాలి. సామాను తరలించే ఖర్చు టీముదే. వైద్య పరీక్షలో తేడా వస్తే ట్రేడ్ మొత్తం రద్దు కావచ్చు కాబట్టి అది అయ్యేదాకా ఎవరూ ఊపిరి పీల్చుకోరు. వేసవిలో కొత్తగా సంతకం చేసినవాణ్ని డిసెంబరు 15 దాకా, లేదా మూడు నెలలు నిండేదాకా, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా, ట్రేడ్ చేయకూడదు. ట్రేడ్ వార్తలన్నీ డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి గడువు దాకా గుంపుగా రావడానికి అదొక కారణం.

వేవ్ చేస్తే 48 గంటలు గడువు ఉంటుంది. ఆలోగా ఇంకో టీము క్లెయిమ్ చేయొచ్చు. ఒకటికి మించి అడిగితే గెలుపు శాతం తక్కువ ఉన్న టీముకు ముందు హక్కు. క్లెయిమ్ చేసినవాళ్లు పాత కాంట్రాక్టును పూర్తిగా నెత్తిన వేసుకోవాలి, కొత్తగా బేరం ఉండదు. ఎవరూ క్లెయిమ్ చేయకపోతే ఆటగాడు స్వేచ్ఛగా ఎవరితోనైనా సంతకం చేసుకోవచ్చు, గ్యారంటీ ఉన్న డబ్బు పాత టీమే ఇవ్వాలి. కొత్త చోట సంపాదించినదాంట్లో కొంత తగ్గించుకునే హక్కు పాత టీముకు ఉంటుంది. గ్యారంటీ లేని కాంట్రాక్టు ఉన్నవాళ్లకు జనవరి మొదటి వారం గండం. జనవరి 10 దాటితే ఆ సీజన్ జీతం అంతా గ్యారంటీ అవుతుంది, వేవర్ గడువు కూడా కలిపి చూసుకోవాలి కాబట్టి టీములు 7వ తేదీలోపే తేల్చేస్తాయి. మార్చి 1 తర్వాత వేవ్ అయినవాడు ఇంకో టీములో చేరొచ్చు కానీ ప్లేఆఫ్స్ (రెగ్యులర్ సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడేవి) ఆడలేడు.

కొత్తజెర్సీ:
శాలరీక్యాప్ గారూ, అద్భుతంగా చెప్పారు. ఒక్క సందేహం. కనీస జీతం సర్వీసు (లీగ్‌లో ఆడిన ఏళ్లు) పెరిగేకొద్దీ పెరుగుతుంది కదా? పదేళ్ల సీనియర్‌ని పెట్టుకునే బదులు కుర్రాణ్ని పెట్టుకుంటే టీముకు చవక కదా? అప్పుడు స్మిత్ లాంటివాళ్లకు చివర్లో అవకాశం ఎలా దొరుకుతుంది?

శాలరీక్యాప్:
దానికే ఒక ఏర్పాటు ఉంది. మూడేళ్లు, అంతకన్నా ఎక్కువ సర్వీసు ఉన్నవాడు ఒక ఏడాదికి కనీస జీతం మీద సంతకం చేస్తే, టీము లెక్కలో పడేది రెండేళ్ల సర్వీసు ఉన్నవాడి కనీస జీతమే. పైన మిగిలినది లీగ్ భరిస్తుంది. కాబట్టి టీము యజమానికి పదేళ్లవాడూ రెండేళ్లవాడూ ఒకే ధర. ఒకే ఏడాది కాంట్రాక్టు అయితేనే ఇది వర్తిస్తుంది. సీనియర్లు ఏటా ఊరు మారుతూ కనిపించడానికి సగం కారణం ఈ షరతే.

10 రోజుల కాంట్రాక్టు వేరే. జనవరి 5 నుంచి ఇవ్వొచ్చు. 10 రోజులు లేదా 3 మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒకే టీము ఒక సీజన్‌లో ఒకడికి రెండుసార్లు మించి ఇవ్వకూడదు, ఆ తర్వాత సీజన్ ముగిసేదాకా తీసుకోవాలి లేదా వదిలేయాలి. గారెట్ టెంపుల్ మొదటి ఏడాది పట్టికలో హ్యూస్టన్, శాక్రమెంటో, శాన్ ఆంటోనియో మూడూ ఉండడానికి దారి ఇలాంటి చిన్న కాంట్రాక్టులే. ఇప్పుడైతే 15 మంది మామూలు కాంట్రాక్టులకు తోడు మూడు టూ-వే స్థానాలు (ఎన్‌బీఏకీ దాని కింది లీగ్‌కీ రెండింటికీ ఆడేవాళ్లకు) ఉన్నాయి కాబట్టి, గాయాలప్పుడు టీములు ముందు అటే చూస్తాయి. 10 రోజుల మీద బతికే దారి పోలేదు గానీ ఇరుకైంది.

పికెన్‌రోల్:
కాంట్రాక్టుల సంగతి సరే, ఆట సంగతి నేను చెప్త అన్నా.

ఇష్ స్మిత్ పని అంతా వేగం మీదనే. డిఫెన్స్ రీబౌండ్ పడంగనె బంతి చేతికొస్తె నాలుగైదు సెకండ్లల్ల అవతలి బుట్ట కిందుంటడు. అవతలోళ్లు వరస కట్టక ముందే దూరి, బుట్ట కింద డ్రిబుల్ ఆపకుండ బేస్‌లైన్ పొంటి తిరిగొచ్చి మళ్ల బయటికి పాసిస్తడు. ఎల్బో (ఫ్రీ త్రో గీత మూల) దగ్గర ఆగి కొట్టే మిడ్ రేంజ్ జంపర్ కూడ ఉంది. బంతి పోగొట్టుకునేది తక్కువ. బెంచ్ ఐదుగురు దిగినప్పుడు ఆట చప్పగ పడిపోకుండ చూస్తడు. కోచ్‌కు రెండో పాయింట్ గార్డు దగ్గర కావాల్సింది గదే.

మరి ఎందుకు ఉంచుకోలేదంటె, మూడు పాయింట్ల షాటు బలహీనం. పిక్ అండ్ రోల్‌ల (సాటి ఆటగాడు స్క్రీన్ లెక్క అడ్డం నిలబడి, ఎంటనె బుట్ట దిక్కు ఉరికే ఆటల) అతన్ని కాసేటోడు స్క్రీన్ మీదికెళ్లి రాడు, కింది నుంచి పోతడు. కొడితె కొట్టనియ్ అని రెండడుగులు ఎనకకే నిలబడ్తడు. దాంతోని రోల్ అయ్యే బిగ్‌కు (పొడుగు ఆటగానికి) లోపల జాగ దొరకది. రెగ్యులర్ సీజన్‌ల రోజు మార్చి రోజు మ్యాచ్, ఎవ్వరు అంత తయారీ చెయ్యరు, నడుస్తది. ప్లేఆఫ్స్‌ల ఒకే టీముతోని వరసగ నాలుగు నుంచి ఏడు మ్యాచ్‌లు. మొదటి మ్యాచ్‌లనే పట్టేస్తరు. పైంగ ఆరడుగులోడు, స్విచ్ చేస్తె (కాసే మనుషులను మార్చుకుంటె) అవతలి పెద్దోళ్లు మీద పడ్తరు. 2023ల డెన్వర్ మయామీని 4-1తోని గెలిచి ఛాంపియన్ అయినప్పుడు స్మిత్ టీములనే ఉన్నడు, కానీ ప్లేఆఫ్స్‌ల రెండో పాయింట్ గార్డు పని ఎక్కువ బ్రూస్ బ్రౌన్‌తోనే చేయించిన్రు. ఎందుకో ఇప్పుడు అర్థమైతది.

ఫిలడెల్ఫియా కథ చెప్పకుంటె ఈ చర్చకే అర్థం లేదు. 2015 వసంతంల అక్కడ 25 మ్యాచ్‌లు ఆడి మ్యాచ్‌కు 12 పాయింట్లు, 6 అసిస్టుల లెక్కన ఇచ్చిండు. ఎండకాలం రాంగనె వదిలేసిన్రు. డిసెంబరు వచ్చేసరికి టీము 1 గెలుపు, 30 ఓటములు! ఓకఫోర్, నోయెల్ ఇద్దరు బిగ్‌లు ఉన్నరు గానీ వాళ్లకు టైముకు బంతి అందించేటోడు లేడు. అప్పుడే జెర్రీ కొలాంజెలో టీము బాస్కెట్‌బాల్ వ్యవహారాల చైర్మన్‌గ పైనొచ్చి కూసున్నడు. పుక్కట్లనే పోనిచ్చినోని కోసం రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు న్యూ ఓర్లీన్స్‌కిచ్చి తిరిగి తెచ్చుకున్నరు. అతను వచ్చినంక టీము 9 గెలిచి 42 ఓడింది. గొప్ప ఏం కాదు. కానీ 1-30తోని పోలిస్తె అది బాస్కెట్‌బాల్ లెక్కనన్న ఉంది. ఆ 50 మ్యాచ్‌లల్ల అతని సగటు 14.7 పాయింట్లు, 7 అసిస్టులు.

గీ 50 మ్యాచ్‌లే అతని కెరీర్‌ను తిప్పినయ్ అని నా అభిప్రాయం.

శాలరీక్యాప్:
ఒప్పుకుంటాను. తేదీ కూడా కలిసొచ్చింది. 2016 వేసవిలో కొత్త టీవీ ఒప్పందం డబ్బు వచ్చి శాలరీ క్యాప్ ఒక్కసారిగా 7 కోట్ల డాలర్ల నుంచి 9 కోట్ల 41 లక్షలకు పెరిగింది. సరిగ్గా అప్పుడే స్మిత్ ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్టు ముగిసి ఎవరితోనైనా సంతకం చేయగలవాడు). డెట్రాయిట్ మూడేళ్లకు కోటి 80 లక్షల డాలర్లు ఇచ్చింది. కెరీర్‌లో ఒకేచోట వరసగా మూడు సీజన్లు ఉన్నది అక్కడే. రెజీ జాక్సన్ మోకాలి నొప్పితో 2016-17 మొదటి 21 మ్యాచ్‌లకు దూరమైతే, స్టార్టర్‌గా దిగింది ఇతనే. 2019లో వాషింగ్టన్ రెండేళ్లకు కోటి 20 లక్షలు ఇచ్చింది, అంటే ఏడాదికి అదే 60 లక్షల ధర. 2016కి ముందు ఆరేళ్లలో కనీస జీతం చుట్టుపక్కల తిరిగినవాడికి ఈ రెండు సంతకాల్లోనే అసలు సంపాదన.

ఎన్ని టీములన్నది చూసి ఒకే గాటన కట్టకూడదు అనేది ఇందుకే. 12 టీముల జాబితాలో జో స్మిత్ 1995లో మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటివాడు, జిమ్ జాక్సన్ 1992లో నాలుగోవాడు. పెద్ద జీతాలతో మొదలై కిందికి జారుతూ ఊళ్లు మారారు. జో స్మిత్ విషయంలో అయితే మినెసోటా రహస్య ఒప్పందం బయటపడి, 2000లో లీగ్ కాంట్రాక్టునే రద్దు చేసింది, టీముకు 35 లక్షల డాలర్ల జరిమానా వేసి మొదటి రౌండు పిక్‌లు లాగేసుకుంది. అలా అతను డెట్రాయిట్ వెళ్లాడు. చకీ బ్రౌన్, మాసెన్‌బర్గ్ రెండో రౌండువాళ్లు. ఇష్ స్మిత్ అసలు డ్రాఫ్టే కానివాడు, కింది నుంచి పైకి వచ్చాడు.

హూప్స్‌హైదరాబాద్:
ఒక చిన్న ప్రశ్న కలుపుతున్నా. కొత్త టీముకు వచ్చిన రెండో రోజే ఆడించేస్తుంటారు. పాయింట్ గార్డుకు ప్లేలన్నీ తెలియాలి కదా, అంత తొందరగా ఎలా నేర్చుకుంటారు?

పికెన్‌రోల్:
అన్నీ నేర్పరు అన్నా. మొదటి మ్యాచ్‌కు నాలుగైదు సెట్లు చాలు: పైన పిక్ అండ్ రోల్, హార్న్స్, సైడ్ నుంచి బంతి లోపలికేసేది ఒకటి, బేస్‌లైన్‌ది ఒకటి, క్వార్టర్ ఆఖరి పొసెషన్‌కు ఒకటి. దానికన్న ముందు డిఫెన్స్ మాటలు రావాలె. స్క్రీన్ పడ్డప్పుడు ఈ టీముల బిగ్ కిందనే ఉంటడా, పైకొస్తడా, సైడ్‌ల స్క్రీన్ పడితె బేస్‌లైన్ దిక్కు తోల్తరా, స్విచ్ ఎవరెవరి మధ్య. అటాక్‌ల తప్పైతె ఒక పొసెషన్ పోతది, డిఫెన్స్‌ల ఒకడు తప్పు వింటె అయిదుగురు చెదిరిపోతరు.

అసలు చిక్కు ఏందంటె, ఒకే పేరు రెండు టీములల్ల రెండు వేరే ప్లేలకు ఉంటది. పాత టీముల 'ఫిస్ట్' అంటె ఒకటి, ఇక్కడ ఇంకోటి. కొత్తది గుర్తు పెట్టుకోవుడు కష్టం కాదు, పాతది మర్చుడు కష్టం. అలిసిపోయినప్పుడు నోట్లె పాతదే వస్తది. అందుకే కొత్తోన్ని ముందు బెంచ్ ఐదుగురితోని, రెండో క్వార్టర్ మొదట్ల దింపుతరు. నేర్చుకోవాల్సింది ఇంకోటుంటది, కాయితం మీద ఉండది: ఏ బిగ్‌కు బంతి నేల మీద బౌన్స్ కావాలె, ఎవనికి పైన లాబ్ కావాలె. నోయెల్‌కు లాబ్, ఓకఫోర్‌కు పోస్టుల నిలబడ్డంక చేతికి. అది ప్రాక్టీస్‌ల పక్కకు నిలబడి అడిగి తెలుసుకోవుడే.

హూప్స్‌హైదరాబాద్:
ఎన్‌బీఏ బయట కూడా ఇలాగే తిరగొచ్చా? మన దేశం నుంచి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బాక్స్‌స్కోరు:
ఉన్నారు. సత్నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ 52వ పిక్‌తో తీసుకుంది, ఎన్‌బీఏ మ్యాచ్ ఆడలేదు, ఎన్‌బీఏ కింది స్థాయి డెవలప్‌మెంట్ లీగ్‌లో టెక్సాస్ లెజెండ్స్‌కి ఆడాడు. అమ్‌జ్యోత్ సింగ్ జపాన్‌లో ఆడి, తర్వాత అదే కింది లీగ్‌లోని ఓక్లహోమా సిటీ బ్లూకి ఆడాడు.

దేశం దాటి మారితే నియమాలు వేరు. పాత దేశపు సమాఖ్య నుంచి ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) క్లియరెన్స్ లేఖ రావాలి, అది లేకుండా కొత్త చోట రిజిస్టర్ చేయరు. పాత కాంట్రాక్టు ఇంకా నడుస్తోందని క్లబ్ అభ్యంతరం పెడితే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి విడిపోయేటప్పుడు రెండు వైపులా సంతకం ఉన్న కాగితం చేతిలో పెట్టుకునే బయల్దేరాలి.

యూరప్ కాంట్రాక్టుల్లో జీతం సాధారణంగా పన్ను పోను చేతికొచ్చే మొత్తంగా రాస్తారు. ఇల్లు, కారు, విమాన టికెట్లు క్లబ్‌వి. ఏజెంట్ ఫీజు, మామూలుగా 10 శాతం, క్లబ్బే కడుతుంది. తేడా వచ్చేది జీతం ఆలస్యమైనప్పుడు. ఎన్ని రోజులు దాటితే ఆటగాడు ఆడడం మానేయొచ్చు, ఎన్ని రోజులు దాటితే తనకు రావాల్సిన పూర్తి డబ్బు మీద హక్కు పోకుండానే వెళ్లిపోవచ్చు అనే రెండు గడువులూ కాంట్రాక్టులో అంకెలతో ఉండాలి. వివాదం వస్తే జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రైబ్యునల్ తీర్పు ఇస్తుంది, 2007 నుంచి ఉంది. ఒక్కరే ఆర్బిట్రేటర్, విచారణ ఇంగ్లీషులో. ఓడిన క్లబ్ డబ్బు కట్టకపోతే కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేయకుండా ఫిబా ఆపగలదు. కాకపోతే ఆ ట్రైబ్యునల్‌కే వెళ్తామన్న వాక్యం కాంట్రాక్టులో ఉంటేనే కేసు తీసుకుంటారు. లేకపోతే ఆ దేశపు కోర్టు చుట్టూ తిరగాలి, ఆ భాషలో. సంతకం చేసే ముందు వేరే ఏదీ చూడకపోయినా ఆ ఒక్క వాక్యం ఉందో లేదో చూడమనండి.